హారంలో రూటు కనబడితే ఊరుకోని సిలబస్ షీట్ గారికి

మహారాజశ్రీ ప్రీకాలిక్యులస్ సిలబస్ షీట్ గారి దివ్యసముఖానికి,

ఆగస్టులో లెక్కల క్లాసు నియమాలన్నీ మోసుకుని తమరు మా ఇంటికి వేంచేసినప్పుడు అన్ని పేజీలూ చదివి, పేరెంట్ సిగ్నేచర్ దగ్గర బుద్ధిగా సంతకం పెట్టాను. పెన్సిలుతోనే రాయాలన్నారు, సరే. ఫోన్లు గోడకు వేలాడే సంచీలో పెట్టాలన్నారు, మహాభాగ్యం. హోంవర్క్ రాత్రి 11:59 దాటితే సగం మార్కులే అన్నారు. దాన్ని దిద్దేది ఎప్పుడో ఏమో, అదీ ఒప్పుకున్నాం. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి అంటే వంద డాలర్లకు పైనే పోసి కొన్నాం.

నిన్న ట్రిగ్ (త్రికోణమితి) టెస్ట్ పేపర్ ఇంటికొచ్చింది. సైన్ పై బై ఫోర్, అంటే సైన్ 45 డిగ్రీలు, ఎంత అన్న ప్రశ్నకి మా అమ్మాయి త్రిభుజం గీసింది. భుజాలు 1, 1. కర్ణం √2. ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే 1/√2. జవాబు ఎక్కణ్నుంచి వచ్చిందో జవాబులోనే కనబడుతోంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో ఒక సున్నా, పక్కన మైనస్ వన్. తమరి నాలుగో పేజీ ప్రకారం హారంలో రూటు ఉండకూడదట. √2/2 అని రాయాలట.

రెండూ ఒకటే కదండీ! తమరు కొనిపించిన కాలిక్యులేటర్‌లోనే రెండూ కొట్టి చూశాను, చివరి అంకె దాకా తేడా లేదు.

ఈ ఆచారం ఎందుకొచ్చిందో మాకూ తెలుసు. "హారమును అకరణీయము చేయుము" అని మేమూ చదువుకున్నవాళ్లమే. చేత్తో లెక్కలు చేసే రోజుల్లో 1ని 1.414తో భాగించాలంటే ప్రాణం పోయేది, 1.414ని 2తో భాగించడమైతే నోటితోనే అయిపోయేది. అందుకని రూటుని పైకి పంపేవారు. మరి ఆ బాధ తప్పించడానికేగా ఈ యంత్రం? యంత్రమూ కావాలి, యంత్రం లేని కాలం నాటి మడీ కావాలి!

పోనీ ఆ మడి అయినా అంతటా పాటిస్తారా? తమరి షెడ్యూల్లోనే చివర్లో డిఫరెన్స్ కోషెంట్ ఉంది, అదే, ఎక్స్ హెచ్ అంత మారితే ఫంక్షన్ విలువ ఎంత మారిందో చూసే భిన్నం. అక్కడ రెండు వర్గమూలాల తేడాని హెచ్‌తో భాగించమని, లవాన్ని అకరణీయం చేయించి, రూట్లన్నిటినీ దగ్గరుండి మరీ హారంలోకి తోయిస్తారు. వచ్చే ఏడు కాలిక్యులస్‌లో రూట్ ఎక్స్ డెరివేటివ్ (అవకలజం) రాస్తే రూటు హారంలోనే దర్జాగా కూర్చుంటుంది, దాన్ని లేవమనేవాళ్లు ఉండరు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్షలో ఫ్రీ రెస్పాన్స్, అంటే జవాబు విడమరిచి రాసే ప్రశ్నల, సూచనల్లో అయితే, ప్రత్యేకంగా అడిగితే తప్ప జవాబుని సింప్లిఫై చేయనక్కర్లేదని అచ్చులోనే ఉంటుంది. తమరు పిల్లల్ని తయారుచేస్తున్నది ఆ కోర్సుకేగా?

టాన్ పై బై సిక్స్‌కి 1/√3 అని రాసింది, మైనస్ వన్. సీకెంట్‌కి 2/√3, మైనస్ వన్. అలా ఆరు మార్కులు ఎగిరిపోయి టెస్టులో 84 వచ్చింది, మొత్తం గ్రేడు 89.6 దగ్గర ఆగింది. 90 చేయరా అని మెయిల్ పెడితే టీచరు గారు తమరి వాక్యమే కాపీ కొట్టి పంపారు: గ్రేడ్లు రౌండ్ చేయబడవు. పిల్లలు మాత్రం కాలిక్యులేటర్ జవాబుల్ని మూడు దశాంశ స్థానాలకు రౌండ్ చేసి చావాలి.

రీటేక్ రాసుకోవచ్చట. ఎంత బాగా రాసినా 80కి మించి వేయరట. 84 వచ్చిన పిల్లకి 80 కోసం రీటేక్! ఇది ఏ లెక్కల టీచరు వేసిన లెక్కండీ?

మొదటి పేజీలో బోల్డ్ అక్షరాల్లో ఏం రాసుకున్నావ్? "జవాబు కంటే అర్థం చేసుకోవడం ముఖ్యం." నాలుగో పేజీ రాసేటప్పుడు మొదటి పేజీ ఒక్కసారి తిరగేశావా అసలు? అర్థం చేసుకుని త్రిభుజం గీసిన పిల్లకి మార్కులు కోశావు. పక్కన ట్రిగ్ విలువల టేబుల్ బట్టీపట్టి √2/2 అని దించిన పిల్లాడికి పూర్తి మార్కులు వేశావు.

నిన్న రాత్రి మా అమ్మాయి త్రిభుజాలు గీయడం మానేసి టేబుల్ బట్టీ కొట్టింది. వద్దని చెప్పడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా మిగల్చలేదు నువ్వు.

ఇట్లు,
84 వచ్చిన పిల్ల తల్లి