‘ఎందుకు’ అని అడిగితే మార్కు పోతుంది

చాలా కాలం ఆలోచించి, ఆధారాలన్నీ పరిశీలించి ఒక నిర్ధారణకు వచ్చాను. తెలుగువాళ్లలో సైకియాట్రిక్ నర్సుగా పనికొచ్చే మనిషి లేరు. నన్ను తిట్టకండి, ఇది కెనడాలో లైసెన్సు పరీక్షకి చదువుతూ ప్రాక్టీసు ప్రశ్నల్లో మొదటి వారం నేను తెచ్చుకున్న మార్కులు తేల్చిన సంగతి. తప్పని ఎర్ర గుర్తు పడ్డ ప్రతి జవాబూ మా ఇంట్లో ఎవరో ఒకరు రోజూ అనే మాటే.

తెలియనివాళ్లకి ముందు కొంచెం చెప్పాలి. మన దగ్గర మెంటల్ హెల్త్ నర్సింగ్ అనేది బీఎస్సీలో ఒక సబ్జెక్టు, కొన్ని వారాల వార్డు పోస్టింగు, ఒక రికార్డు పుస్తకం. ఇంకా ఆసక్తి ఉంటే ఎమ్మెస్సీ ఉంది. కెనడా పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా, సస్కాచువాన్, మానిటోబాల్లో అలా కాదు, అక్కడ ఇది విడి వృత్తి, విడి లైసెన్సు, విడి పరీక్ష. సస్కాచువాన్ 1948లోనే దీనికి ప్రత్యేక చట్టం చేసుకుంది. రిజిస్టర్డ్ సైకియాట్రిక్ నర్స్, పొట్టిగా ఆర్‌పీఎన్. చిక్కేమిటంటే ఆంటారియోలో కూడా ఆర్‌పీఎన్‌లు ఉన్నారు, కానీ అక్కడ ఆ మాటకి అర్థం రిజిస్టర్డ్ ప్రాక్టికల్ నర్స్. అది వేరే చదువు, వేరే పరీక్ష. బ్రాంప్టన్‌లో ఉండే మా బాబాయికి ఈ తేడా నాలుగుసార్లు వివరించాను. ఐదోసారి ఫోన్ చేసి, "మా పక్కింటి పంజాబీ అమ్మాయి కూడా ఆర్‌పీఎన్నే అమ్మా, ఆమెకి చకచకా అయిపోయింది, నువ్వు సరిగ్గా చదవట్లేదేమో" అన్నాడు.

పరీక్ష దాకా వెళ్లాలంటే ముందు మన చదువు వాళ్ల చదువుకి సరితూగుతుందో లేదో తూచే ఒక సంస్థ ఉంటుంది. దాని పేరెందుకులెండి, ఫైలు ఇంకెవరిదైనా అక్కడ ఉండొచ్చు. వాళ్లకి కాలేజీ నుంచి కాగితాలు నేరుగా వెళ్లాలి, మన చేయి తగలకూడదు. ఏ సబ్జెక్టుకి ఎన్ని గంటల థియరీ, ఏ వార్డులో ఎన్ని గంటల పోస్టింగు, అన్నీ లెక్కగట్టి, కవరు మూసి, మూసినచోట స్టాంపు కొట్టి పంపాలి. ఈ మాట మా కాలేజీ గుమాస్తాగారికి ఫోన్లో చెప్తే ఆయన చాలా సేపు ఆలోచించి "లక్క కావాలా అమ్మా?" అని అడిగారు. వద్దండీ, స్టాంపు చాలన్నాను. "అయితే ఎవరైనా వచ్చి కవరు పట్టుకెళ్లండి." నా చేతికి ఇవ్వకూడదండీ, మీరే పంపాలి. "మీ కాగితాలు మీకే ఇవ్వకూడదంటే, ఏదో కేసు ఉన్నట్టుంది." ఆ అనుమానం ఆయనకి ఇప్పటికీ పోలేదనుకుంటా, కిందటేడాది మా తమ్ముడు కనిపిస్తే అక్క బయటికొచ్చిందా అని అడిగారట.

ఇక పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లో ఒక్క అక్షరం, పెళ్లయ్యాక చేయించిన ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు. సంస్థవాళ్ల దృష్టిలో నేను నలుగురు మనుషులం. నలుగురం ఒకరేనని ప్రమాణపత్రం రాసిచ్చాను. సైకియాట్రీలో ఈ పరిస్థితికి ఒక పేరుంది, కానీ దరఖాస్తులో ఆ గడి కనపడలేదు.

ఇంగ్లీషు సంగతీ చెప్పుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ స్కోరుకి ఆయుష్షు రెండేళ్లు. నా ఫైలు అంతకంటే గట్టి పిండం. స్కోరు ఎక్స్‌పైర్ అయింది, నాకు ఇంగ్లీషు వచ్చని మళ్లీ రుజువు చేసుకోమన్నారు. ఈ రెండేళ్లూ వాళ్లకీ నాకూ మధ్య నడిచిన ఉత్తరాలన్నీ ఇంగ్లీషులోనే, అందులో కొన్ని నేను చాలా ధాటిగా రాశాను.

సరే, ఎట్టకేలకు పరీక్ష. మందుల ప్రశ్నలకి భయపడలేదు. రక్తంలో లిథియం (బైపోలార్ జబ్బుకిచ్చే మందు) 0.6 నుంచి 1.2 మధ్య ఉండాలి, 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, లిథియం వాడే మనిషి ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు, ఇవన్నీ నైట్ డ్యూటీల్లో వంటబట్టినవే. కొన్ని పాతకాలపు డిప్రెషన్ మందులు వాడేవాళ్లు ఏం తినకూడదన్న ప్రశ్నకి ఏళ్ల తరబడి మగ్గబెట్టిన చీజ్ అన్నది జవాబు. నేను జన్మలో అలాంటి చీజ్ చూడలేదు, కానీ ఆప్షన్లలో ఆవకాయ లేకపోవడంతో బతికిపోయాను.

నన్ను ముంచింది మాటల ప్రశ్నలు. రోగి ఏడుస్తోంది, నర్సు ఏమనాలి? "ఏం కాదులే, అన్నీ సర్దుకుంటాయి" అంటే తప్పు, అది ఉత్తుత్తి ధైర్యం. "ఎందుకు ఏడుస్తున్నావు?" తప్పు, ‘ఎందుకు’ అంటే నిలదీసినట్టట, బోనులో నిలబెట్టినట్టట. "నేనైతే ఆ ఉద్యోగం మానేస్తా" అంటే సలహా, అదీ తప్పు. "మా పెద్దమ్మ కూతురికీ ఇలాగే అయ్యింది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు" అన్న ఆప్షన్ పుస్తకంలో ఉండదు కానీ ఉంటే కచ్చితంగా తప్పే. మరి ఏది ఒప్పు? "మీకు చాలా బాధగా ఉన్నట్టుంది. మీ పక్కన కాసేపు కూర్చుంటాను." అంతే! కాఫీ కూడా ఇవ్వకూడదు!! ఇలా కూర్చున్న చుట్టాన్ని మీరు ఎప్పుడైనా చూశారా?

భ్రమలో ఉన్న మనిషి "టీవీలో నా గురించే చెప్తున్నారు" అంటే కాదని వాదించకూడదు, అవునని తలూపకూడదు, "అది మీకు భయంగా ఉండి ఉంటుంది" అనాలి. మనవాళ్లకి ఈ మూడో దారి అసలు తెలియదు. మనకున్నవి రెండే, వాదించడం, తాయెత్తు కట్టించడం.

అన్నిటికంటే నేను తడబడింది ఒక ప్రశ్న దగ్గర. "ఇంక బతకాలని లేదు" అని రోగి అంటే నర్సు చేయాల్సిన మొదటి పని? వార్డులో ఏం చేయాలో నాకు తెలుసు, అయినా లోపల ఎక్కడో మా నాయనమ్మ లేచి "ఛ, నోటికి అదేం మాట, తథాస్తు దేవతలుంటారు" అంది. సరైన జవాబు సూటిగా అడగడం. చనిపోవాలని ఆలోచిస్తున్నారా, ఎలాగో అనుకున్నారా, అందుబాటులో ఏముంది. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. పార్లమెంటు ఒప్పుకుంది, తథాస్తు దేవతలే ఇంకా సంతకం పెట్టలేదు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుందో అందరికీ తెలిసిన ఊళ్లలో కూడా ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు, అశుభం కదా.

అందుకని ప్రభుత్వానికి నాదొక సూచన. ఈ పరీక్ష నర్సులకి మాత్రమే పెట్టడం అన్యాయం. పెళ్లిళ్లకి వెళ్లే ప్రతి అత్తయ్యకీ పెట్టాలి, పాసైతేనే భోజనం టోకెను. దరఖాస్తులు చూసే ఆఫీసులకీ పెట్టాలి. ఎందుకంటే ఆలస్యం గురించి నేను రాసిన ప్రతి ఉత్తరానికీ "త్వరలోనే పూర్తవుతుంది, దయచేసి ఆందోళన చెందవద్దు" అని జవాబొచ్చేది. సిలబస్ ప్రకారం అది ఉత్తుత్తి ధైర్యం, సున్నా మార్కులు. పరీక్షకి బాగా ముదిరిపోయి ఉన్న రోజుల్లో నేనే తిరిగి రాశాను, "ఇంత పని మీ మీద పడటం మీకు భారంగా అనిపిస్తున్నట్టుంది. దాని గురించి మాట్లాడదామా?" అని. మూడు పని దినాల్లో స్పందిస్తామని ఆటోమేటిక్ జవాబొచ్చింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మౌనం కూడా చికిత్సలో భాగమే, పుస్తకంలో ఉంది.

ఫలితం వచ్చింది. పాస్. అమ్మకి ఫోన్ చేశాను.

"ఎన్ని మార్కులే?"

మార్కులు చెప్పరమ్మా, పాసో ఫెయిలో అంతే అన్నాను.

"మార్కులు లేకపోతే మీ అత్తకి ఏమని చెప్పను? అసలు ఇంత లేటు ఎందుకైంది?"

అలవాటైపోయిన నోరు కదా, "నీకు కాస్త నిరాశగా ఉన్నట్టుందమ్మా" అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత గొంతు తగ్గించి, పక్కన నాన్న వినకుండా అడిగింది, "ఎవరైనా డాక్టరుకి చూపించుకున్నావా?"