నిన్న సాయంత్రం దాకా బాగానే ఉంది

ఈ సంగతి నిన్న మధ్యాహ్నానిది. చెవులింకా వేడిగానే ఉన్నాయి. అందులో సగం రోహిణి కార్తె వల్ల అనుకోండి, మిగతా సగం మా కాలనీ ప్రెసిడెంటు గారి వల్ల.

ఆదివారం ఒక పెళ్లికి వెళ్లి కడియపులంక మీదుగా వస్తున్నాం. ఆ రోడ్డు మీద ఏ కారూ నర్సరీ దగ్గర ఆగకుండా రాజమండ్రి చేరదు. మేమూ ఆగాం. రెండు మందారాలు, ఒక నందివర్ధనం, ఒక నూరువరహాలు, మొత్తం 640 రూపాయలు. "ఇప్పుడు నాటొచ్చా?" అని అడిగాను కూడా. అడిగానంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. "కడియం మొక్కకి కార్తెలేటండి? ఎప్పుడెట్టినా బతికేద్దండి, ఆయ్" అన్నాడు నర్సరీ అతను. అన్నవాడు పచ్చ వల కింద, తడి నేల మీద, నీళ్లు చిమ్మే గొట్టం పక్కన నిలబడి అన్నాడు. అక్కడ పెడితే నేనూ బతికేస్తాను.

వేసవికని వచ్చిన మా అత్తగారు వరండాలోంచి చూసి ఒక్కటే అన్నారు. "రోహిణిలో రోళ్లే పగుల్తాయి బాబూ, మందారం ఏపాటి? మృగశిర రానివ్వండి, నాలుగు చినుకులు పడ్డాక పెడదాం." నేను వినలేదు. కవరు చింపుతుంటే వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ కూడా విడిపోయింది. అదీ పట్టించుకోలేదు. పాతేశాను.

బుధవారం పొద్దున్నకి నాలుగూ తలలు వాల్చేశాయి. వేళ్లు పట్టక ముందే వడగాలి ఆకుల్లోని తడి పీల్చేస్తోందట. యూట్యూబులో చూస్తే రెండు ఉపాయాలు చెప్పారు. మొక్కలకి నీడ కట్టమన్నారు. కుండకి చిల్లు పెట్టి మొదట్లో ఉంచితే చుక్కచుక్కగా తడి అందుతుందన్నారు. రెండూ మంచి ఉపాయాలే, కాదనను. కానీ రెండూ కలిపి ఒకేసారి, మిట్టమధ్యాహ్నం, వీధి గేటు పక్కన చేస్తే చూసేవాళ్లకి ఎలా ఉంటుందో ఆ వీడియో చేసినాయన చెప్పలేదు.

మన వీధుల్లో ఇంటి ముందు రంగుల గుడ్డ కడితే పెళ్లి. తెల్లగుడ్డ కడితే ఏమిటో చెప్పక్కర్లేదు. నా దగ్గరున్నవి రెండు తెల్ల పంచెలు. నాలుగు వెదురు కర్రలు పాతి అవే కట్టాను. రెండు బకెట్లు మోసేసరికి తల నుంచి కాళ్ల దాకా తడిసిపోయాను. చొక్కా విప్పేసి తువ్వాలు భుజాన వేసుకున్నాను. నేలకి కాళ్లు కాలుతున్నా, చెప్పులకి బురద అంటుతోందని అవీ విడిచాను. పోయిన ఏడాది మంచినీళ్ల కుండకి మేకుతో చిల్లు పొడిచి, నింపి, ఎడమ భుజానికెత్తుకున్నాను. కుడిభుజం నొప్పి కాబట్టి ఎడమ భుజం, అంతకుమించి ఏమీ లేదు. ఏ మొక్క ముందు పోయేలా ఉందో తేలక, వాటి చుట్టూ తిరుగుతున్నాను. వెనకాల చిల్లులోంచి సన్నటి ధార. మూడో చుట్టులో ఉండగా స్కూటరు ఆగింది.

ప్రెసిడెంటు గారు హెల్మెట్టు తీశారు. చెప్పులు గేటు బయటే విడిచారు. చేతులు కట్టుకుని, "ఎప్పుడండీ?" అన్నారు, వినీ వినపడకుండా.

ఈయనకి మొక్కలంటే ఇంత ప్రాణమా అనుకున్నాను. "నిన్న సాయంత్రం దాకా బాగానే ఉందండీ. పొద్దున చూసేసరికి తల వాల్చేసింది."

"పెద్దావిడేగా?"

నాలుగింట్లో పెద్దది నందివర్ధనం. "పెద్దది పోయినట్టేనండీ. మిగతా మూడూ సాయంత్రం దాకా ఆగేలా లేవు."

ఆయన గేటు గట్టిగా పట్టుకున్నారు. "వడదెబ్బా?"

"వడదెబ్బే. నీడన ఉన్నదాన్ని తెచ్చి ఎండలో పెట్టేశాం. తప్పు నాదే."

ఆయన నా భుజం తట్టబోయి, కుండ చూసి ఆగిపోయి, స్కూటరెక్కి వెళ్లిపోయారు.

మా వీధి చివర మంచినీళ్ల గొట్టం పగిలి సంక్రాంతి నుంచి కారుతోంది. నాలుగుసార్లు చెప్పాను, రెండుసార్లు రాసిచ్చాను. దానికి కదలని మనిషి నాలుగు నిమిషాల్లో కాలనీ గ్రూపులో "ఓం శాంతి" పెట్టారు. కింద 31 దండాలు. నా గొట్టం ఫిర్యాదుకి ఒక్క బొటనవేలు కూడా రాలేదని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

తర్వాత అరగంటలో ఐస్ బాక్స్ బండి వచ్చింది. అదీ ఆయన చలవే. డ్రైవరు దిగి, "బాడీ ఎక్కడండీ?" అన్నాడు. ఆ చప్పుడికి మా అత్తగారు మజ్జిగ గ్లాసుతో బయటికొచ్చారు. బండి చూశారు, తెల్లపంచెలు చూశారు, నా భుజం మీద కుండ చూశారు. ఆవిడది గోదావరి జిల్లా బుర్ర, ఎక్కువ సేపు పట్టలేదు. డ్రైవరుకి నన్ను చూపించారు.

మా ఆవిడ ఇప్పటిదాకా మాట్లాడలేదు. అత్తగారు మాత్రం కత్తెర తెచ్చి, మూడు మొక్కలకి సగం పైగా ఆకులు కత్తిరించి, తవ్వించి, తొట్లలో పెట్టి పెరట్లో నీడకి చేర్పించారు. జూన్ 8 దాటాక చూద్దామన్నారు. ప్రెసిడెంటు గారు గ్రూపులో "పొరపాటు, పోయినవి మొక్కలు" అని రాస్తే దానికీ పన్నెండు దండాలు వచ్చాయి. బండి ఖర్చు ఎవరిదో ఆయన రాయలేదు. 500 నేనే ఇచ్చాను.

డ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లబోతూ ఆగాడు. "ఆ నాలుగోది, నందివర్ధనం, వద్దనుకుంటే నేను పట్టుకెళ్తానండీ. మా ఇంటి దగ్గర చెట్టు నీడ ఉంది."

పట్టుకెళ్లమన్నాను. ఐస్ బాక్సులో పెట్టి, మూత వేసి తీసుకెళ్లాడు.