22వ రకం వైకల్యం

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 21 రకాల వైకల్యాలు రాశారు. రాసినవాళ్లు పెద్దవాళ్లే, చదువుకున్నవాళ్లే. కానీ మా బావగారిని కలవలేదు. కలిసుంటే 22వది కూడా చేర్చేవాళ్లు. నెలకోసారి, ఒకటో తేదీ తెల్లవారగట్ల వచ్చి, పెన్షన్ చేతిలో పడగానే పోయే చెవుడు.

బావగారికి రెండు చెవులూ వినపడవని, వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది. 40 శాతం ఉంటే చాలు, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పెన్షన్ కింద నెలకు 6,000. వయసు మీద తీసుకుంటే 4,000 మాత్రమే. ఆ 2,000 తేడా కోసం మనిషి రెండు చెవులూ త్యాగం చేశారు. 2024లో దివ్యాంగుల పెన్షన్ 3,000 నుంచి 6,000 అయిందని టీవీ వాడు చెప్పినప్పుడు ఆయన పెరట్లో ఉన్నారు, టీవీ హాల్లో ఉంది. మా అక్క కంటే ముందు విన్నది ఆయనే.

కారు ఉంటే పెన్షన్ రాదు. అందుకని ఆయన కారు నా పేరున ఉంది. ఇన్సూరెన్స్ కూడా నేనే కడుతున్నాను, అది వేరే బాధ. అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, రేషన్ కార్డులో ఉండడు.

ఇక ప్రయాణం సంగతి. అమెరికా విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మన సచివాలయం అంత ఉదారంగా ఉండదు. రెండు నెలలు ఊళ్లో లేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలసపోయినట్టు లెక్క. ఈ రెండు ప్రభుత్వాల్లో బావగారు ఎవరి మాటకు విలువిచ్చారో చెప్పాలా? మే ఒకటిన పెన్షన్ తీసుకుని, రెండున విమానం ఎక్కి, జూలై 30కి ఇంట్లో ఉన్నారు. ఆగస్టు ఒకటిన 18,000. మనవడి పుట్టినరోజు ఆగస్టు నాలుగు. రిటర్న్ టికెట్ డేటు మార్చడానికి అబ్బాయికి అంతకంటే ఎక్కువే అయింది. ‘అది వాడి డబ్బోయ్, ఇది మనది’ అన్నారు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను, నా పేరున ఉన్న ఆ కారులోనే. లోపలికి వెళ్లేముందు చూద్దును కదా, బావగారు చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“బావగారూ, మీకు పోయింది చెవులు కదా, కాళ్లెందుకు పోయాయి?”

“ఇమిగ్రేషన్ లైన్లో ఎవడు నిలబడతాడోయ్?”

ఆయనొక్కరే కాదు. ఆ వరసలో పాతిక కుర్చీలు. పట్టుచీర మీద స్వెట్టరు, కాళ్లకు కొత్త స్పోర్ట్స్ షూస్, ఒళ్లో ఆవకాయ సంచి. పొద్దున్న గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చిన మోకాళ్లు అవి. తర్వాతి సంగతి అక్క చెప్పింది. గేటు దగ్గర మైకు గొంతు సవరించుకుందో లేదో, మొదట లేచి నిలబడింది బావగారేనట. దుబాయ్‌లో మారేటప్పుడు మళ్లీ కాళ్లు పోయాయి. నెవార్క్‌లో సామాను తీసుకుని బయటికొచ్చి మనవణ్ని చూడగానే కుర్చీ దిగి పరుగే పరుగు. వెనకాల మిగతా పాతిక మందీ. ఇంత మందికి ఒకేచోట, ఒకేసారి నయం చేసిన క్షేత్రం మన పురాణాల్లో కూడా లేదు.

ఆగస్టు ఒకటిన ఆరింటికే సచివాలయం అమ్మాయి వచ్చింది. జెట్‌లాగ్, బావగారు రాత్రి మూడింటి నుంచీ మేలుకునే ఉన్నారు. “వేలు పెట్టండి బాబాయిగారూ” అంది. శూన్యంలోకి చూశారు. అక్క చెవి దగ్గర అరిచింది. వేలు పెట్టారు. ఆ పిల్ల నోట్లు లెక్కపెడుతూ తనలో తను, “ఒక 500 తక్కువొచ్చినట్టుందే” అని గొణుక్కుంది.

“మళ్లీ లెక్కపెట్టమ్మా!” అన్నారు బావగారు.

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. మంచి పిల్ల.

బ్రిటన్‌లో పిప్ అని జబ్బుపడ్డవాళ్లకూ, దివ్యాంగులకూ ఇచ్చే సాయం ఉంది. దేశం దాటినా 13 వారాలు, వైద్యం కోసమైతే 26 వారాల దాకా ఇస్తారు. ఇది చెబితే బావగారు వీసా ఎలా అని అడిగారు.

నవ్వింది చాలు. మా వీధి చివర ఒక టైలరు ఉన్నాడు. పోలియో. ఎడమకాలు చేత్తో నొక్కి పట్టుకుంటే తప్ప అడుగు పడదు. 2025లో దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తామని అందరినీ మళ్లీ పరీక్షకు పిలిచారు. అతని విదేశయాత్ర అదే. రెండు బస్సులు మారి 40 కిలోమీటర్లు, తమ్ముడి భుజం మీద. డాక్టరు ఓ నిమిషం చూసి 38 శాతం వేశాడు. పెన్షన్ ఆపేస్తున్నామని నోటీసు. చిన్నప్పుడు చచ్చిన కాలు నలభై ఐదేళ్లకు ఎక్కడ చిగురించిందయ్యా? ఆ రెండు శాతం ఏ ఎముకలో దొరికింది? అప్పీలు పెట్టుకున్నాడు, అంటే మళ్లీ రెండు బస్సులు, మళ్లీ ఆ తమ్ముడు. అతను మిషన్ తొక్కేది కుడికాలుతో. ఆ రోజుల కూలి ఎవడిస్తాడు?

బావగారినీ పిలిచారు. శబ్దం వినపడితే మీట నొక్కమన్నారు. నొక్కలేదు, అంతే. వైర్లు పెట్టి మెదడు స్పందన చూసే బెరా పరీక్ష ఉంది, అందులో అయితే నాటకం నడవదు. ఆ రోజు ఆ యంత్రం రిపేరులో ఉందట. కాలుకి మాత్రం యంత్రం అక్కర్లేదు, కళ్లుంటే చాలు. ఆ కళ్లే లేవు అక్కడ! సిగ్గు లేదు, ఇచ్చినవాడికీ లేదు, తీసుకున్నవాడికీ లేదు. కారు నా పేరున పెట్టించుకున్న నాకూ లేదు.

మొన్న బావగారు చలికోటు పట్టుకుని ఆ టైలరు దగ్గరికే వెళ్లారు, నేనూ వెంట ఉన్నాను. డిసెంబరులో మళ్లీ ప్రయాణం, చేతులు రెండంగుళాలు తగ్గించాలి. మిషన్ గడగడలాడుతోంది. టైలరు తల ఎత్తకుండా, దారం పళ్లతో కొరుకుతూ, “వంద” అన్నాడు.

“ఎనభై చేసుకో” అన్నారు బావగారు.