మా వీధి చివరి గాలి మీటరుగారికి

మీటరుగారూ, నమస్కారం. గొట్టం ఇంకా ఏ టైరుకీ తగిలించకముందే మీ ముల్లు 8 దగ్గర నిలబడి ఉంటుంది. ఏ బండీ రాకపోయినా మీలో ఎంతో కొంత గాలి ఉంటుందన్నమాట, మా వార్డులో కొందరు పెద్దమనుషుల్లాగే.

నాది 100 సీసీ బండి. ఇన్నాళ్లూ మీ కుర్రాడు ఎంత కొట్టాలని అడిగిన పాపాన పోలేదు, ముందూ వెనకా 40 కొట్టేసేవాడు. ఇదేటిరా అంటే "అందరికీ అంతే బావూ" అని టైరు పక్కన అచ్చేసిన అంకె చూపించాడు. బాబూ, అది ఆ టైరు మోయగలిగే బరువుకీ, పట్టే గాలికీ ఆఖరి హద్దు. బియ్యం డబ్బాలో 20 కేజీలు పడతాయని రాత్రికి 20 కేజీలూ వండేస్తామా? గాలి ఎక్కువైతే టైరు నడిమి భాగమే నేలకి ఆనుతుంది, అక్కడే అరుగుతుంది, వానలో బ్రేకు వేస్తే జారుతుంది. ఆమదాలవలస వెళ్లొచ్చేసరికి నా నడుము సంగతి సరేసరి.

అందుకని బండి మీది స్టిక్కరు గ్రీజు తుడిచి చదివాను (ఆరేళ్లు పట్టింది, అది నా తప్పే). ముందు 25, వెనక 28, వెనక మనిషి ఎక్కితే ఇంకా పెంచాలి. బుద్ధిమంతుడిలా ముందు 25, వెనక 30 కొట్టించుకుని, అత్తగారిని ఎక్కించుకుని అరసవల్లి బయల్దేరాను. ఒక్క గుంత. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి వెనక చక్రం చతికిలబడింది. ఆవిడ ఏమీ అనలేదు. అదే నా భయం.

చేసేది లేక సొంత మీటరు కొనుక్కున్నాను. పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూస్తే, మీరు 25 అన్న ముందు టైరులో ఉన్నది 17. ఆ 8 ఎక్కడికి పోయిందో మీకు తెలుసు. అంటే మీ కుర్రాడి 40 నిజానికి 32, అత్తగారు ఎక్కిన వెనక టైరుకి మీ అబద్ధమూ వాడి మొండితనమూ కలిసి నా చదువు కంటే మేలు చేసి ఉండేవి!

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకేది ఏడాదికి రెండు దఫాలు, మార్చిలో, అక్టోబరులో, అదీ మబ్బు అడ్డం రాకపోతే. మీ ముల్లు సున్నాని తాకే రోజు ఏ పంచాంగంలో రాశారండీ?

రేపు వస్తున్నాను. ముందు 33, వెనక 36 అడుగుతాను. ఎందుకో కుర్రాడికి చెప్పకండి.

ఇట్లు,
ఇంకా అత్తగారింటికి వెళ్లని అల్లుడు