ఆన్‌లైన్ జూదం: చట్టం సైట్ల వెంట, డబ్బు అద్దె ఖాతాల వెంట

మన దగ్గర తెరుచుకునే చాలా విదేశీ బెట్టింగ్ సైట్లలో 'డిపాజిట్' అన్నచోట నొక్కగానే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దాని కింద నిమిషాలు తగ్గుతూ కనిపిస్తాయి. ఆ గడువు దాటితే కోడ్ చెల్లదు. యూపీఐ యాప్‌తో స్కాన్ చేస్తే వచ్చే పేరు బెట్టింగ్ కంపెనీది కాదు. ఏదో ట్రేడర్స్, ఏదో ఎంటర్‌ప్రైజెస్, లేదంటే ముక్కూమొహం తెలియని ఒక మనిషి. ఐదు వందలు పంపాక, బ్యాంకు ఇచ్చిన 12 అంకెల యూటీఆర్ నంబరును ఆడేవాడే తిరిగి సైట్‌లో కొట్టాలి. అప్పుడుగానీ అతని వాలెట్‌లో ఆ ఐదు వందలు పడవు. ఇంకోసారి డబ్బు వేయబోతే ఇంకో కోడ్, ఇంకో పేరు.

జూదం చట్టాల గురించి ఎవరు మాట్లాడినా నేను ముందు ఈ పేజీ గురించే అడుగుతాను. ఏ ఆట నిషేధం, ఏది నైపుణ్యం, ఏది అదృష్టం అన్న చర్చ కోర్టుల్లో దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఈలోగా డబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఆ డబ్బు ఎవరికి చేరుతోందో నిజం చెప్పించగలిగిన దేశాల్లోనే చట్టం కాస్తో కూస్తో నిలబడింది. అది చేతకాని చోట నిషేధమైనా, లైసెన్సైనా కాగితం మీదే ఉండిపోయింది.

నైపుణ్యం, అదృష్టం గొడవ మన ఊళ్లోనే మొదలైంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పేకాటపై పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో తీర్పు వచ్చింది. క్లబ్బులో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పేకాట గురించి చెప్పిన ఆ మాటను అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న కాలంలో కోట్ల ఫోన్లలోకి దూరిన యాప్‌లు కవచంలా వాడుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధించాయి. 132 సైట్లు, యాప్‌లు అడ్డుకోవాలని 2020 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. పేరున్న కంపెనీలు ఫోన్ లొకేషన్ చూసి మన రెండు రాష్ట్రాల వాళ్లను ఆపేశాయి. పేరు లేనివి ఆపలేదు. ఐపీఎల్ సీజన్ వచ్చిందంటే జిల్లా ఎడిషన్లలో బెట్టింగ్ ముఠాల అరెస్టు వార్తలు అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే పక్కన పెట్టేసింది. డబ్బు పెట్టి ఆడితే చాలు, నిషేధమే. ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు చేరవేసే బ్యాంకులకు, చెల్లింపు సంస్థలకు కూడా ఆడించేవారితో సమానమైన శిక్షే. ఆడేవారిని మాత్రం నేరస్తులుగా చూడలేదు. ఏటా దాదాపు 45 కోట్ల మంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అప్పుడు చెప్పింది. బిల్లు పాసైన కొద్ది రోజుల్లోనే డ్రీమ్11 సహా పెద్ద కంపెనీలన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందుకు చేరాయి.

అంత త్వరగా ఆ కంపెనీలు ఎందుకు ఆగాయో చూడాలి. వాటికి ఆఫీసుంది, పాన్ నంబరుంది, అధీకృత పేమెంట్ గేట్‌వే ఉంది. 2023 ఏప్రిల్ నుంచి గెలుపు మీద 30 శాతం టీడీఎస్ కోసి కట్టాయి. అదే ఏడాది అక్టోబరు నుంచి వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ కట్టాయి. వాటి డబ్బు దారి ప్రభుత్వానికి కనబడుతోంది కాబట్టే ఒక్క చట్టంతో మూతపడ్డాయి. ఎక్కడో కరీబియన్ దీవి కురసావ్‌లో లైసెన్సు రాయించుకుని, మన దేశంలో ఒక్క ఉద్యోగి కూడా లేకుండా నడిచే సైటుకు ఈ చట్టం అందదు. సైటు అడ్రసు అడ్డుకుంటే చివర రెండు అంకెలు మార్చుకుని మర్నాటికల్లా టెలిగ్రామ్ గ్రూపులో కొత్త లింకు పెడుతుంది. ఇంటిని అప్పుల పాలు చేస్తున్నది ఏ ఒక్క కంపెనీయో కాదని నాకు తెలుసు, పన్ను కట్టిన యాప్‌లూ కుటుంబాలను కూల్చాయి. వాటిని ఆపినందుకు నాకు ఏ బాధా లేదు. అయితే కనబడేవాటిని మూయించి, కనబడనివాటిని వదిలేస్తే ఆడేవాడు మరింత ప్రమాదకరమైన చోటికే చేరతాడు.

అమెరికా ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2006 అక్టోబరులో ఓడరేవుల భద్రత చట్టానికి తోకలా తగిలించి ఇంకో చట్టం చేశారు. ఆడేవారి జోలికి పోకుండా, చట్టవిరుద్ధమైన ఆన్‌లైన్ జూదానికి డబ్బు తీసుకోవడాన్నే నేరం చేశారు. బ్యాంకులు అలాంటి లావాదేవీలు ఆపాలన్నారు. మరుసటి ఏడాదే నెటెల్లర్ అనే వాలెట్ వ్యవస్థాపకులను అరెస్టు చేశారు. ఆ సంస్థ 13.6 కోట్ల డాలర్లు ప్రభుత్వానికి అప్పగించి బయటపడింది. దాంతో అయిపోయిందనుకున్నారు. కాలేదు. 2011 ఏప్రిల్ 15న న్యూయార్క్ ప్రాసిక్యూటర్లు పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సొల్యూట్ పోకర్ అనే ఆన్‌లైన్ పేకాట సైట్ల మీద అభియోగాలు పెట్టినప్పుడు అసలు సంగతి బయటపడింది. బ్యాంకుల్లోకి వెళ్లిన లావాదేవీలు పేకాట పేరు మీద లేవు. గోల్ఫ్ బంతులు, నగలు, పూలు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల పేర్లు పెట్టుకుని ఆ డబ్బు నడిచింది. యూటా రాష్ట్రంలోని ఒక చిన్న బ్యాంకు తెలిసే ఈ చెల్లింపులు చూసిపెట్టిందని, ప్రతిఫలంగా బ్యాంకులో కోటి డాలర్ల పెట్టుబడి పెట్టారని అభియోగంలో రాశారు.

మన క్యూఆర్ కోడ్ మీద కనబడే ఏదో ట్రేడర్స్‌కూ, ఆ గోల్ఫ్ బంతుల దుకాణానికీ తేడా లేదు. కార్డు లావాదేవీల్లో ప్రతి వ్యాపారానికీ నాలుగంకెల కోడ్ ఒకటుంటుంది. జూదానికి 7995. ఆ కోడ్ నిజం చెప్పినంతసేపూ బ్యాంకు ఒక్క మీట నొక్కి ఆపగలదు. అబద్ధం చెప్పడం మొదలుపెట్టగానే ఎంత కఠినమైన చట్టానికైనా కళ్లు పోతాయి. అమెరికాలో 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు స్వేచ్ఛనిచ్చాక సగానికి పైగా రాష్ట్రాలు ఆటల మీద పందేలను చట్టబద్ధం చేశాయి. న్యూజెర్సీలో చదువుకుంటున్న మన పిల్లవాడు 21 నిండితే ఫోన్‌లోనే పందెం కాయవచ్చు, డల్లాస్‌లో ఉన్న వాడి తమ్ముడికి ఆ వీలు లేదు. ఆ తేడా తెలియక చిక్కుల్లో పడకూడదు కాబట్టి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంచడం మంచిది.

బ్రిటన్ వేరే దారి పట్టింది. జూదం చట్టబద్ధమే, కానీ 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో ఆడటం కుదరదు. క్రెడిట్ కార్డుతో ఆన్‌లైన్‌లో ఆడేవారిలో 22 శాతం మందికి అది వ్యసనంగా మారిందని అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ తేల్చింది. అప్పు చేసి ఆడటమే అసలు రోగమని గుర్తించడం నాకు సరైన పనిగా తోచింది. అక్కడి కొన్ని బ్యాంకు యాప్‌లలో జూదం చెల్లింపులు ఆపుకునే మీట ఉంటుంది. దాన్ని తిరిగి తెరవాలంటే రెండు మూడు రోజులు ఆగక తప్పదు. పోయింది రాబట్టాలన్న ఆవేశం అర్ధరాత్రి పుడుతుంది, తెల్లారేసరికి చాలామందిలో తగ్గుతుంది. ఆస్ట్రేలియా కూడా 2024 జూన్‌లో క్రెడిట్ కార్డులు, క్రిప్టో రెండిటినీ ఆన్‌లైన్ పందేలకు నిషేధించింది. జర్మనీలో మనిషికి నెలకు వెయ్యి యూరోల పరిమితి ఉంది. అన్ని కంపెనీలకూ కలిపి ఒకే కేంద్ర రిజిస్టరులో లెక్క పడుతుంది.

మనకు బాగా దగ్గరి పోలిక మాత్రం బ్రెజిల్. మనకు యూపీఐ ఎలాగో వాళ్లకు పిక్స్ అలాగ. 2020 నవంబరులో వచ్చింది, ఫోన్ నుంచి ఫోన్‌కి క్షణాల్లో డబ్బు. పందేలకు 2018లో అనుమతిచ్చి నియమాలు పెట్టకుండా ఐదేళ్లు వదిలేశారు. ఫలితం ఏమైందో వాళ్ల కేంద్ర బ్యాంకే లెక్క తీసింది. 2024 ఆగస్టు ఒక్క నెలలో, పేదలకు ప్రభుత్వం నగదు ఇచ్చే బోల్సా ఫమీలియా పథకం కుటుంబాల నుంచి దాదాపు 50 లక్షల మంది పిక్స్ ద్వారా పందెం కంపెనీలకు 300 కోట్ల బ్రెజిల్ రియాళ్లు పంపారు. పిల్లల తిండికని ఇచ్చిన డబ్బు. ఆ అంకె చదివినప్పుడు నాకు మన ఇళ్లలో పింఛను డబ్బు, రైతు ఖాతాలో పడిన సాయం, డ్వాక్రా అప్పు గుర్తొచ్చాయి. మన దగ్గర అలాంటి లెక్క ఎవరూ తీసి చెప్పలేదు.

బ్రెజిల్ 2025 జనవరి 1 నుంచి కొత్త నియమాలు అమలు చేసింది. లైసెన్సుకు మూడు కోట్ల రియాళ్లు కట్టాలి. సైటు అడ్రసు చివర బెట్ డాట్ బీఆర్ అని ఉండాలి. ఆడేవారు ముఖం చూపించి నమోదు చేసుకోవాలి. క్రెడిట్ కార్డు, నగదు, క్రిప్టో ఏవీ చెల్లవు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. డబ్బు ఆడేవాడి సొంత ఖాతా నుంచే రావాలి, గెలిస్తే ఆ పేరున్న ఖాతాకే పోవాలి. లైసెన్సు లేని సైటుకు బ్యాంకు గానీ చెల్లింపు సంస్థ గానీ డబ్బు చేరవేయకూడదు. దొంగ సైట్లు అక్కడ పూర్తిగా పోలేదు. కానీ ఎవరు, ఎంత, ఎక్కడికి పంపారన్నది ఇప్పుడు లెక్కకు అందుతోంది. మనం జూదానికి లైసెన్సులివ్వాలని నేను అనడం లేదు. నిషేధం పెట్టిన దేశానికి ఈ పేరు సరిచూసే పని ఇంకా ఎక్కువ అవసరమని అంటున్నాను. ఫిలిప్పీన్స్‌లో కేంద్ర బ్యాంకు 2025 ఆగస్టులో వాలెట్ యాప్‌లకు 48 గంటల గడువిచ్చి, జూదం సైట్ల లింకులు తీసేయించింది. చిన్న పనే, కానీ డబ్బు ఉన్నచోటే చేసిన పని.

మన దగ్గర డబ్బు ఉన్నచోటు అద్దె ఖాతా. 2020 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు రంగులు ఊహించి పందెం కాసే చైనా ముఠా ఒకదాన్ని పట్టుకున్నారు. దాదాపు 1,100 కోట్ల రూపాయలు చేతులు మారాయని ప్రకటించారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకో సైటు, వెనకాల ఇక్కడివాళ్ల పేరు మీద పెట్టిన కంపెనీలు, వాటి ఖాతాలు. అప్పటి నుంచి పద్ధతి మారలేదు, చిల్లర స్థాయికి దిగింది. ఇంజినీరింగ్ చదివే కుర్రాడో, పని దొరకని యువకుడో తన పేరున ఖాతా తెరిచి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, చెక్‌బుక్, దానికి ముడిపెట్టిన సిమ్ కలిపి ఒక 'కిట్'గా దళారికి అప్పగిస్తాడు. చేతికి కొన్ని వేలు వస్తాయి. ఆ సిమ్ ఇంకెక్కడో ఉన్న ఫోన్లో ఓటీపీలు తీసుకుంటూ ఉంటుంది. కొన్నాళ్లకు ఆ ఖాతా గుండా లక్షలు, ఒక్కోసారి కోట్లు దాటాక ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసులు వచ్చి తలుపు తడతారు. బెట్టింగ్ సైటు యజమాని దుబాయ్‌లో ఉంటాడు. జైలుకెళ్లేది ఈ కుర్రాడే.

ఇంకో సంగతి ఆడేవారికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పడం లేదు. ఈ సైట్లలో గెలిచిన డబ్బు కూడా ఇలాంటి ఖాతాల నుంచే వస్తుంది. ఆ ఖాతాలో అంతకుముందు ఏ డిజిటల్ అరెస్టు బాధితుడి సొమ్మో పడి ఉండవచ్చు. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే ఆ డబ్బు వెళ్లిన ప్రతి ఖాతాకీ వరుసగా తాళం పడుతుంది. రెండు వేలు గెలిచానని సంబరపడినవాడి జీతం ఖాతా స్తంభించిపోతుంది. అతనికి కూరగాయలు అమ్మి యూపీఐతో డబ్బు తీసుకున్నవాళ్ల ఖాతాకీ ఆ తాళం పడవచ్చు. ఏ తప్పూ చేయనివాడు ఊరుగాని ఊరు పోలీస్ స్టేషన్‌కు ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.

రిజర్వు బ్యాంకు చేతిలో సాధనాలు లేకపోలేదు. అద్దె ఖాతాలు పసిగట్టే మ్యూల్‌హంటర్ అనే వ్యవస్థను దాని ఇన్నోవేషన్ హబ్ తయారుచేసింది. మూడు నెలలుగా పది వేలు దాటని విద్యార్థి ఖాతాలోకి ఒక్కరోజులో వందల మంది అపరిచితుల నుంచి ఐదు వందలు, వెయ్యి చొప్పున వచ్చి గంటలో ఖాళీ అవుతుంటే బ్యాంకుకు కనబడదా? కనబడుతుంది. పట్టించుకోనందుకు మూల్యం చెల్లించాల్సిన పని లేదు కాబట్టి ఊరుకుంటుంది. యూటా బ్యాంకు కథలో ప్రాసిక్యూటర్లు పేమెంట్ దళారుల దగ్గర ఆగకుండా బ్యాంకు మనిషి దాకా వెళ్లారు. మన చట్టంలో డబ్బు చేరవేసేవారికి మూడేళ్ల శిక్ష రాసి పెట్టాం. ఆ సెక్షన్ కింద కిట్ అమ్మిన కుర్రాళ్లనే లెక్కబెడుతూ, ఆ ఖాతాలు తెరిచి కళ్లు మూసుకున్న శాఖలను వదిలేస్తే చట్టం సగమే అమలైనట్టు.

రాష్ట్రాలు కూడా కేంద్రం వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. తెలంగాణలో 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద కేసులు పెట్టారు, సిట్ వేశారు. సినిమావాళ్ల పేర్లున్నందుకు టీవీలన్నీ దాని వెంటే పడ్డాయి. ప్రచారం మీద చర్య మంచిదే. అదే పట్టుదలతో ఏ బ్యాంకులో, ఏ శాఖలో, ఎన్ని అద్దె ఖాతాలు దొరికాయో సైబర్ పోలీసులు ప్రతి నెలా ప్రకటించాలి. ఖాతాదారు తనంతట తాను కోరుకుంటే అపరిచితులకు యూపీఐ పంపకుండా కొన్ని నెలలు ఆపుకునే వీలు ప్రతి బ్యాంకు యాప్‌లోనూ ఉండాలి, తిరిగి తెరవాలంటే రెండు రోజులు పట్టాలి. కాలేజీలు తెరిచే జూన్, జులై నెలల్లో ఖాతా కిట్ అమ్మితే ఏమవుతుందో ప్రతి ఇంటర్, డిగ్రీ క్లాసులో ఒక పోలీసు అధికారి వచ్చి చెప్పాలి. అద్దెకిచ్చిన ఖాతా గురించి తానే ముందుగా వచ్చి చెప్పిన కుర్రాడిని సాక్షిగా చూడాలి, అప్పుడే దళారి పేరు బయటికొస్తుంది.