ఎబోలా సాయానికి వెళ్లే సైనికుడికి మొదటి శత్రువు దోమ

2003లో పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాలో దిగిన అమెరికా మెరైన్లలో 44 మందిని మలేరియాతోనో, మలేరియా అన్న అనుమానంతోనో వెనక్కి తరలించాల్సి వచ్చింది. తర్వాత జరిపిన విచారణలో దోమతెర వాడినవారు ఒక్కరూ కనబడలేదు. ఒంటికి దోమల మందు రాసుకున్నవారు 45 శాతం, పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన దుస్తులు వేసుకున్నవారు 12 శాతం. మలేరియా రాకుండా వారానికోసారి మింగాల్సిన మెఫ్లోక్విన్ మాత్రను తప్పకుండా వేసుకున్నామని 55 శాతం మంది చెప్పారు. రక్తం పరీక్షిస్తే, కాపాడేంత మందు ఉన్నది 10 శాతం మందిలోనే. మాత్రలు నాసిరకం కావు, మందుకు లొంగని మలేరియా క్రిమి జాడా లేదు. తెర కట్టుకోలేదు, మాత్ర సరిగ్గా మింగలేదు, అంతే.

పదకొండేళ్ల తర్వాత ఎబోలా సాయం కోసం అమెరికా సైన్యం మళ్లీ అదే దేశానికి వెళ్లింది. 2014 సెప్టెంబర్ 16న ఒబామా ప్రకటించిన ఈ ‘ఆపరేషన్ యునైటెడ్ అసిస్టెన్స్’లో ఒక దశలో దాదాపు 2,800 మంది పనిచేశారు. చికిత్సా కేంద్రాలు కట్టారు, సరకు చేరవేశారు, ఆరోగ్య సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. రోగిని ముట్టుకునే పని వాళ్లకు అప్పగించలేదు. ప్రమాదకరమైన రక్తనమూనాలతో పని పడింది మొబైల్ ల్యాబ్‌ల సిబ్బందికే. సైనికుల్లో ఒక్కరికీ ఎబోలా సోకలేదు. ఈ ఘనతను టీవీల్లో కనిపించిన తెల్లటి రక్షణ సూట్లకు కట్టబెట్టడం సరికాదు. అసలు రక్షణ, ఎవరు ఏ గీత దాటకూడదో ముందే తేల్చిన ఆదేశంలో ఉంది. పక్క దేశం సియెర్రా లియోన్‌లో బ్రిటన్ వేరే దారి పట్టింది. అక్కడి కెర్రీ టౌన్ చికిత్సా కేంద్రంలో సైనిక వైద్య సిబ్బందే ఎబోలా సోకిన ఆరోగ్య కార్యకర్తలకు చికిత్స చేశారు. 2015 మార్చిలో వారిలో ఒక నర్సుకు వ్యాధి సోకింది. లండన్‌లో చికిత్స తర్వాత కోలుకున్నారు. బ్రిటన్ నిర్ణయం తప్పని అనలేం, ఎవరో ఒకరు రోగి పక్కన నిలబడాలి కదా. కానీ ఆ పనికి చేయాల్సిన ఏర్పాటు, గోడలు కట్టే ఇంజనీర్లకు చేసే ఏర్పాటు ఒకటి కావు.

ఎబోలా ప్రాంతంలో మలేరియా మామూలు మలేరియాగా ఉండదు. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, నీరసం... మొదటి రెండు రోజుల్లో రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. లైబీరియాలో ఎలుకల ద్వారా వచ్చే లాసా జ్వరం కూడా అలాగే మొదలవుతుంది. అంటే మాత్ర మానేసిన ఒక్క సైనికుడికి జ్వరం వస్తే అతన్ని విడిగా ఉంచాలి, రక్తం తీసేవాళ్లు పూర్తి రక్షణతో తీయాలి, అతనితో ఉన్నవాళ్లందరి మీదా కన్నేయాలి. మలేరియా ర్యాపిడ్ టెస్ట్ పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎబోలా లేదని చెప్పలేం, రెండూ ఒకేసారి ఉండొచ్చు.

కాబట్టి మాత్ర సంగతి సైనికుడి మనస్సాక్షికి వదలకూడదు. రోజూ ఒకే వేళకు, భోజనం దగ్గర, సార్జెంట్ ఎదుట మింగించి పేరు పక్కన టిక్కు పెట్టాలి. రోజూ వేసుకునే మలేరియా మాత్రలు ముఖ్యంగా రెండు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్‌ను తిండితో గానీ పాలతో గానీ వేసుకోవాలి, పరగడుపున వేస్తే ఒంటికి సరిగ్గా పట్టదు. డాక్సీసైక్లిన్ మింగి వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండు కావచ్చు, ఎండకు చర్మం త్వరగా కమలొచ్చు. ఈ బాధలు పడలేకే చాలామంది చెప్పకుండా మానేస్తారు. తిరిగొచ్చాక మొదటిది 7 రోజులు, రెండోది 4 వారాలు కొనసాగించాలి. తిరిగొచ్చినవాళ్లలో ఎబోలా లక్షణాల కోసం కనిపెట్టే గడువు 21 రోజులే కనుక, డాక్సీసైక్లిన్ వాడేవాళ్లకు ఇంటికెళ్లాక కూడా వారం మాత్రలు మిగులుతాయి. అప్పుడు చూసే సార్జెంట్ ఉండడు. పెర్మెత్రిన్ గుడ్డకే, ఒంటికి కాదు. ఒంటికి డీట్ అనే దోమల మందు. సన్‌స్క్రీన్ కూడా వాడితే ముందు సన్‌స్క్రీన్, తర్వాత డీట్. మలేరియా దోమ కుట్టేది ఎక్కువగా రాత్రిపూట కనుక, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరకు సాటి లేదు.

వైరస్‌ను చంపే క్లోరిన్ నీళ్ల దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువగా లెక్కలోవే. వస్తువులకు, నేలకు, బూట్లకు 0.5 శాతం, చేతులకు 0.05 శాతం. 70 శాతం క్లోరిన్ ఉన్న కాల్షియం హైపోక్లోరైట్ పొడి లీటరుకు 7 గ్రాములు, అంటే 20 లీటర్ల డబ్బాకు సుమారు 140 గ్రాములు వేస్తే 0.5 శాతం వస్తుంది. అందులో ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే చేతులకు. ఒకరోజు 35 శాతం బ్లీచింగ్ పౌడర్ సంచీ వచ్చి, అదే చెంచాతో కొలిస్తే బలం సగానికి పడిపోతుంది. వాసన మాత్రం ఘాటుగానే ఉంటుంది. వేడికి, ఎండకు క్లోరిన్ ఎగిరిపోతుంది కనుక ఏ రోజుకారోజు కలపాలి, డబ్బా నీడలో పెట్టాలి. రెండు డబ్బాలూ తారుమారైతే చేతులు పగుళ్లిస్తాయి, పగిలిన చర్మమే వైరస్‌కు దారి.

సూటు వేసుకోవడం కన్నా విప్పడమే ప్రమాదం. ఆ వేడిలో గంట సేపటికే ఒళ్లంతా చెమట, అద్దాలు మసక, మనిషికి బయటపడాలన్న తొందర. అందుకే విప్పేవాడు సొంతంగా ఏమీ చేయకూడదు. ఎదురుగా నిలబడ్డ మరొకరు ఒక్కో మెట్టూ చదవాలి, అది చేశాకే తర్వాతిది. ల్యాబ్ సిబ్బందిని సూటులో ఎంతసేపు ఉంచాలో గడియారం చూసి బయటివాళ్లే చెప్పాలి.

తిరిగొచ్చిన ప్రతి సైనికుడినీ 21 రోజులు విడిగా ఉంచాలని 2014 అక్టోబర్ 29న అమెరికా రక్షణ మంత్రి చక్ హేగెల్ నిర్ణయించారు. అప్పటికి పౌరులకున్న నిబంధనల కన్నా ఇది కఠినం. రోగిని చూడనైనా చూడని ఇంజనీరును కూడా కట్టడి చేయడానికి శాస్త్రపరంగా ఆధారం బలహీనం, ఎందుకంటే లక్షణాలు మొదలుకాకముందు ఎబోలా ఒకరి నుంచి మరొకరికి సోకదు. అయినా బ్యారక్ జీవితం, కుటుంబాల భయం లెక్కేస్తే ఆదేశం అర్థమవుతుంది. చేయదలచుకుంటే సక్రమంగా చేయాలి. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూడాలి, ముందు పారాసిటమాల్ వేసుకున్నాడేమో అడగాలి. చెమట పట్టిన నుదుటి మీద, ఎండలో పెట్టిన థర్మామీటర్ గన్ తప్పు చెబుతుంది. గుంపులు చిన్నవిగా ఉండాలి, ఒకరికి వ్యాధి తేలితే మిగతావారి 21 రోజులూ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టాలి.

వీటన్నిటికీ మరో వైపుంది. 2010 అక్టోబర్‌లో హైతీలో కలరా మొదలైంది మిరెబలే దగ్గరి ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం నుంచి. నేపాల్ నుంచి వచ్చిన దళంతో చేరిన క్రిమి, శిబిరం మురుగు ద్వారా అర్తిబోనిత్ నదిలో కలిసింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. సమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబర్ దాకా పట్టింది. సాయానికి వెళ్లే దళం ఏ జబ్బు తీసుకెళ్తోందన్నది బయల్దేరే ముందే చూడాలి: కలరా ఉన్న దేశం నుంచి వెళ్తుంటే నోటి టీకా, విరేచనాలున్నవాళ్ల ప్రయాణం వాయిదా. శిబిరంలో మరుగుదొడ్డి గొట్టాల వాలు ఎటో, గొయ్యి నిండితే ట్యాంకర్ ఎక్కడ ఖాళీ చేస్తుందో కాంట్రాక్టర్ మాట నమ్మి వదిలేయకుండా, కమాండర్ తరఫున ఒక అధికారి ట్యాంకర్ వెంటే వెళ్లి చూసి సంతకం పెట్టాలి.