నీళ్లు వదలని షీటు

బాబు పుట్టాక మా ఇంట్లో పేరు మీద కంటే, పక్క తడవకుండా బాబు కింద పరిచే డ్రై షీట్ల మీద ఎక్కువ చర్చ జరిగింది. పాత నేత చీర నాలుగు మడతలు వేస్తే చాలదా అని అత్తయ్యగారు. చాలదని మామయ్యగారు. ఆయన నీటిపారుదల శాఖలో రిటైరయ్యారు. పైన నీళ్లు పీల్చే మెత్తటి బట్ట, కింద చుక్క దిగనివ్వని పాలీయురేథేన్ పొర. ఇది చూసి ఆయనకి పాత ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, ఉతికే బాధ్యత తనదేనన్నారు. కాదనడానికి నాకేమైనా పిచ్చా?

షీటు అంచున కుట్టిన చిన్న గుడ్డముక్కని కళ్లజోడు పైకీ కిందికీ జరుపుతూ శ్రద్ధగా చదివారు. వేడినీళ్లు వాడొద్దు, పొర పాడవుతుంది. మెలిపెట్టి పిండొద్దు. బట్టలకి వాసన పట్టించే లిక్విడ్ అసలే వద్దు, అది దారాలకి పూతలా పట్టేస్తే ఇంక తడి పీల్చదు. అన్నీ పాటించారు. ఆయన చదవనిది వాషింగ్ మెషిన్ పుస్తకం ఒక్కటే. వాటర్‌ప్రూఫ్ వస్తువుల్ని స్పిన్‌లో వేయొద్దని అందులో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ఎవరు చదువుతారు లెండి, వారంటీ కార్డు కోసం తప్ప.

స్పిన్ మొదలైంది. మామూలు బట్టలైతే టబ్బు గిర్రున తిరుగుతుంటే నీళ్లు చిల్లుల్లోంచి బయటికి పోతాయి. మన షీటు నీళ్లని పోనిస్తుందా? దాని ఉద్యోగమే పోనివ్వకపోవడం. బొర్లా తిరిగి, గిన్నెలా మారి, నీళ్లన్నీ ఒకవైపే పట్టుకుంది. మెషిన్ ముందు మూలిగింది, తర్వాత గోడని కొట్టింది, ఆ తర్వాత యుటిలిటీలోంచి వంటింట్లోకి బయల్దేరింది. పైపు పొడవు అయిపోయింది గానీ, లేకపోతే హాల్లోకి వచ్చి కూర్చునేదే.

కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "ఏమండీ, ఇంట్లోనే బోరు వేయిస్తున్నారా?" అన్నారు.

మామయ్యగారు స్విచ్చి ఆపి, మూత తీసి, షీటు కొస పట్టుకుని లేపారు. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినట్టు వచ్చాయి నీళ్లు. మోకాళ్ల దాకా తడిసి కూడా ఆయన ఆంటీకి చరిత్ర చెప్పడం మానలేదు. "1908లో మూసీకి వరదొచ్చాకే గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారమ్మా. నీళ్లు ఆపడమంటే మాటలు కాదు!"

"ఆపండి మరి, మా బాత్రూం సీలింగులోంచి కారుతున్నాయి" అని ఆవిడ వెళ్లిపోయారు.

ఆరబెట్టడం ఇంకో కథ. జూలై ముసురు, ఎండ జాడ లేదు. మామూలు బట్టకి రెండువైపులా గాలి తగులుతుంది, దీనికి ఒకవైపే. ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది అసలు సంగతి. కుర్చీల మీద, తలుపుల మీద, చివరికి దేవుడి గది గొళ్లేనికి కూడా ఏనుగు బొమ్మల షీట్లు వేలాడాయి. దేవుడి గది దగ్గర మాత్రం అత్తయ్యగారు ఒప్పుకోలేదు.

ఓపిక నశించి మామయ్యగారు ఒక షీటు పట్టుకుని సెల్లార్‌లో ఇస్త్రీ చేసే అతని దగ్గరికి వెళ్లారు. అతను తిప్పి చూసి, "ఏంది సార్ ఇది? పెట్టె పెడితే కరిగి అంటుకుంటది. తీస్కపోండ్రి" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివిగా మాట్లాడింది అతనొక్కడే.

సెల్లార్ దాకా తెచ్చినదాన్ని ఊరికే పైకి మోసుకెళ్లడం ఇంజనీరుకి నామోషీ. అప్పటికి వాన తెరిపిచ్చింది. స్కూటర్ సీటు తడవకుండా ఉంటుందని దాని మీద షీటు పరిచి, క్లిప్పులు పెట్టి, రైతుబజారుకి వెళ్లారు. మెత్తటి వైపు పైకి పెట్టారు, కూర్చోడానికి హాయిగా ఉంటుందని. ఆయన వంకాయలు బేరమాడుతుంటే మళ్లీ వాన దంచింది. షీటు తాగాల్సినంతా తాగింది. వెలిశాక మామయ్యగారు దాని మీదే కూర్చుని ఇంటికొచ్చారు.

ప్యాంటు వెనక సంగతి చూసి నేను వంటింట్లోకి పారిపోయాను, నవ్వు ఆపుకోలేక. ఆయన మాత్రం గుమ్మంలోనే నిలబడి, "సీటు ముట్టుకుని చూడండి, చుక్క తడి ఉంటే అడగండి!" అంటున్నారు.

అత్తయ్యగారు ఏమీ అడగలేదు. బాబు పౌడరు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.